ఘాటు మీది హోటలు, తొమ్మిది హారన్లు

నా చిన్నప్పుడు నేను కొండ ఎక్కింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ నలభై అయిదు మందికి అన్నం వండించి వచ్చాను. తింటామని చెప్పినవాళ్ళు అందులో పదిహేను మందే. మిగిలిన ముప్పై మంది అప్పటికి అక్కడ లేనే లేరు. మా ఇంట్లో ఇప్పటికీ ఎసట్లో బియ్యం ఎక్కువ పడితే చాలు, "మళ్ళీ హారన్ కొట్టినారా ఎవరన్నా?" అని నావైపు చూసి నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ ఆ రోజు నాకు నవ్వు రాలేదు, ఆ మాట వాళ్ళకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డున చిన్న పాళెం. మా తాత, నాయన తెప్పల మీద వేటకు పోయేవాళ్ళు. మా అవ్వ, అంటే నాయనకు తల్లి, ఎండు చేపల వ్యాపారం చేసేది. నెత్తళ్ళు, సావిడాయలు, రొయ్యపొట్టు ఎండబెట్టి, గంపలకెత్తి, ఏడాదికి రెండుసార్లు వెలిగొండలు దాటి రాజంపేట వైపు సంతలకు తీసుకుపోయేది. చేప విలువ సముద్రం లేనివాళ్ళకే తెలుసని అవ్వ లెక్క. మా పాళెంలో నెత్తళ్ళు వేయిస్తే ఎవరూ తల తిప్పి చూడరు. కొండల అవతల ఆ వాసనకు వీధంతా గుమ్మాల్లోకి వస్తుందట.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ మా చిన్న తమ్ముణ్ణి కని మంచం మీద ఉంది. నేను ఇంట్లో ఉంటే బాలింతకు కంటిమీద కునుకు ఉండదని అందరూ తేల్చేశారు. అవ్వ నన్ను కూడా సంతకు తీసుకుపోతానంది. నా సంతోషం సంత చూడబోతున్నందుకు కాదు. దారిలో కొండ ఎక్కే ఘాటు రోడ్డు మీద ఒక హోటలు ఉందని, అక్కడ బస్సు ఆపుతారని, ఇద్దరం విస్తరాకు వేయించుకుని తిందామని అవ్వ మాట ఇచ్చింది. అప్పటిదాకా నేను హోటల్లో తిన్నదాన్ని కాదు. వారం ముందునుంచే నా ఈడు పిల్లలందరికీ చెప్పి వాళ్ళ ప్రాణాలు తీశాను.

నెల్లూరులో ఒక బస్సు, రాపూరులో మరో బస్సు ఎక్కాం. రెండోది ముక్కు ముందుకు పొడుచుకువచ్చిన పాతకాలపు బస్సు. ఎవరో సొంతంగా నడిపే సర్వీసు. గంపలు పైన కట్టించి, అందులో ఒకదాన్ని మాత్రం అవ్వ తన కాళ్ళ దగ్గరే పెట్టుకుంది. నన్ను డ్రైవరు పక్కనున్న పొడుగు సీటు మీద కూర్చోబెట్టారు. డ్రైవరుకు గుబురు మీసాలు, భుజం మీద తువ్వాలు. మాట తక్కువ మనిషి. ఆయన చేతికి అందేలా కిటికీ పక్కన ఇత్తడి హారన్ ఉంది, వెనక నల్లటి రబ్బరు బుడ్డితో. బుడ్డి నొక్కితే ఎద్దు రంకె వేసినట్టు మోగేది. నా కళ్ళు దాని మీదే ఉన్నాయని ఆయన గమనించాడు.

కొండ కింద బస్సు ఆపి కండక్టరు లోపలికి తల పెట్టి, "పైన భోంచేసేవోళ్ళు చేతులెత్తండయ్యా" అన్నాడు. అవ్వ ఒక చెయ్యి ఎత్తింది. నేను రెండూ ఎత్తాను. పదిహేను మంది లెక్క తేలింది. మిగిలిన వాళ్ళు సద్దిమూటలు తెచ్చుకున్నవాళ్ళు.

ఆ లెక్క ఎందుకో సగం ఘాటు ఎక్కాక తెలిసింది. అక్కడ రోడ్డు పెద్ద మలుపు తిరుగుతుంది. తల ఎత్తి చూస్తే నేరుగా పైన, అంచున, హోటలు బోదగడ్డి కప్పు కనిపిస్తుంది. కనిపించడమే తప్ప బస్సు అక్కడికి చుట్టూ తిరిగి మూలుగుతూ చేరేసరికి ముప్పావుగంట. టెలిఫోన్లు లేని కాలం. అందుకని డ్రైవరు ఆ మలుపులో హారన్ కొట్టేవాడు. ఒక హారన్‌కు అయిదు భోజనాలు. పైన హోటలు నడిపే ఆమె చెట్టుకు వేలాడే రైలు పట్టా ముక్కను అన్నే సార్లు కొట్టేది, విన్నానని చెప్పడానికి. బస్సు చేరేసరికి అన్నం వార్చి ఉండేది. ఎవరూ ఎక్కువ వండరు, ఎవరూ పస్తు ఉండరు. ఎన్నో ఏళ్ళుగా అలాగే నడుస్తోందని కండక్టరు గొప్పగా చెప్పాడు.

డ్రైవరు మూడుసార్లు బుడ్డి నొక్కాడు. కాసేపటికి పైనుంచి మూడు దెబ్బలు వినిపించాయి. ఆయన తల ఊపి, రేడియేటరులో పోయడానికి డబ్బా పట్టుకుని పక్కనున్న వాగులోకి దిగాడు. కండక్టరు ఆయన వెంట వెళ్ళాడు. అవ్వ మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. బస్సులో మిగిలిన వాళ్ళు సగం నిద్రలో ఉన్నారు. డ్రైవరు సీటు ఖాళీ.

ఇక్కడ మా పాళెం పద్ధతి ఒకటి చెప్పాలి. చలికాలం తెల్లవారుజామున సముద్రం మీద మంచు పడితే తెప్పలవాళ్ళకు ఒడ్డు కనిపించదు. వాళ్ళు శంఖం ఊదుతారు. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళం, పిల్లలం రేకు డబ్బాలు వాయించి జవాబు చెప్పాలి. వాళ్ళు మూడు ఊదితే మేము మూడు. మళ్ళీ ఊదితే మళ్ళీ. తెప్ప ఇసుక తాకేదాకా ఆపకూడదు. పిలుపు వచ్చి జవాబు లేకుండా పోయిందంటే అవతల మనిషి దారి తప్పుతాడు. నడక వచ్చిన నాటినుంచి అవ్వ పక్కన కూర్చుని నేను నేర్చుకున్న మొదటి పని అది.

కాబట్టి పైనుంచి మూడు దెబ్బలు వినిపించి, కింద ఎవరూ జవాబు చెప్పకుండా వాగులోకి దిగిపోతే నాకు ప్రాణం ఊరుకోలేదు. లేచి వెళ్ళి, రెండు చేతులా బుడ్డి పట్టుకుని మూడుసార్లు నొక్కాను. కాసేపటికి పైనుంచి మూడు దెబ్బలు వచ్చాయి. చూశావా, ఎదురుచూస్తున్నారు అనుకున్నాను. మళ్ళీ మూడు నొక్కాను. మళ్ళీ మూడు దెబ్బలు. ఇంకోసారి నొక్కబోతుండగా డ్రైవరు వాగు గట్టు ఎక్కి వస్తున్నాడు. గబుక్కున నా చోటికి వచ్చి కూర్చున్నాను. నిద్రలో జోగుతున్నవాళ్ళు కొట్టింది డ్రైవరే అనుకున్నారో ఏమో, కళ్ళు తెరవలేదు. వాగు హోరులో ఆయన హారన్ వినలేదు. చివరి మూడు దెబ్బలు మాత్రం విన్నట్టున్నాడు. "మళ్ళీ కొట్టిందేంది అక్క?" అని కండక్టరు అడిగితే, "మనం వినలేదనుకోనుంటాది" అని బండి తీశాడు. ఆ ఆఖరి మూడింటికీ జవాబు చెప్పలేకపోయానే అని నేను దారి పొడుగునా బాధపడ్డాను.

పైకి చేరాం. హోటలంటే బోదకప్పు వేసిన ఒక పొడుగాటి పాక. ముందు రేకు మీద "భోజనం, వసతి" అని సున్నంతో రాసి ఉంది. వెనక మట్టిగోడల గదులు మూడు. ఘాటు దిగలేక ఆగిపోయే లారీలవాళ్ళు వాటిలో నులకమంచాల మీద పడుకునేవాళ్ళు. లోపల నేల అలికి, మోదుగాకు విస్తళ్ళు మూడు వరసలుగా వేసి ఉన్నాయి. ప్రతి విస్తరి పక్కనా నీళ్ళ గ్లాసు. పొయ్యిమీద పప్పు, ఉలవచారు. రెండు పెద్ద గుండిగల నిండా వేడి అన్నం. హోటలామె చెమటలు కారుతూ గుమ్మంలో నిలబడింది. నలభై దాటిన మనిషి. మొహం నిండా నవ్వు. మేం దిగుతుంటే మా వెనక్కి, రోడ్డు వైపు చూసింది.

"ఇంకో బస్సు యాడ?" అంది.

డ్రైవరుకు అర్థం కాలేదు. ఇంకో బస్సు ఏమిటన్నాడు.

"తొమ్మిది కొట్టినావు గదా తమ్ముడా! మూడు, మళ్ళా మూడు, మళ్ళా మూడు. పెళ్ళివోళ్ళు గానీ వస్తా ఉండారేమో అనుకున్నా."

"మూడే కొట్టినా అక్కా."

"నేనూ తొమ్మిది కొట్టినా తిరిగి."

"మూడే కొట్టినా. నా బిడ్డల మీద ఒట్టు."

ఆమె మొహంలో నవ్వు పోవడం నేను కళ్ళారా చూశాను. ఆమె లోపలికి వెళ్ళి గాబు మీద మూత తీసి చూపించింది. అడుగున చెంబెడు నీళ్ళు. కొండమీద బావి లేదు. మేం ఆగిన ఆ వాగునుంచే, నిట్టనిలువు కాలిబాట మీద, ఆమె కావడితో నీళ్ళు మోసుకొచ్చేది. భర్త కట్టెలకు పోతే ఆ పని ఆమెదే. ఆ గాబు నింపడానికి తెల్లవారినప్పటినుంచీ ఎక్కీ దిగీ ఆమె మోకాళ్ళు వాచి ఉన్నాయి. ఉన్న నీళ్ళన్నీ మా నలభై అయిదు మంది కోసం పోసేసింది. సాయంత్రం అటునుంచి వచ్చే బస్సుకు వండాలంటే చుక్క లేదు. వండిన ముప్పై మంది అన్నం పాచిపోతుంది.

ఆమె కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. నెమ్మదిగా, "రేపట్నుంచి నీ హారన్‌కు పొయ్యి ముట్టించనులే తమ్ముడా. దిగినాక తలకాయలు లెక్కబెట్టి వండతా. ఉంటే ఉండండి, లేకుంటే పోండి" అంది. బస్సు అంతసేపు ఆగదని ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అంటే ఆ హోటలుకు బస్సు భోజనాలు ఇక లేనట్టే. బస్సువాళ్ళకు దారిలో అన్నం ఇక లేనట్టే.

డ్రైవరు ఒక్క మాట అన్నాడు. "అబద్ధాలకోరుకు అన్నమెందుకులే అక్కా." తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి పోయి, కల్వర్టు గోడమీద అటు తిరిగి కూర్చున్నాడు.

నాకు అప్పటికి అంతా అర్థమైంది. ఆ ఆరు హారన్లూ నావి. నోరు తెరిచి చెప్పాలని ఉంది. ఆ మీసాలు తలుచుకుంటే నోరు రాలేదు. ప్రయాణికుల్లో ఒకాయన సలహా ఇచ్చాడు. ఆ పట్టాను ఆపకుండా వాయిస్తే కొండమీద జనం పరిగెత్తుకొస్తారు కదా, వచ్చినవాళ్ళకు పెట్టేయొచ్చు కదా అని. హోటలామె ఆయన్ను ఎగాదిగా చూసి, "అడవికి నిప్పంటుకుంటే కొట్టేదది. అన్నానికి కొడితే, నిప్పు పడిననాడు ఎవురొస్తారు?" అంది. నేను మరింత కుంచించుకుపోయాను. శబ్దానికి అబద్ధం అంటితే ఏమవుతుందో ఆమె ఒక్క మాటలో చెప్పేసింది, ఆ అబద్ధం అంటించింది నేనేనని తెలియకుండా.

అవ్వ నా రెక్క పట్టుకుని వెనక గదుల దగ్గరికి తీసుకుపోయింది. "నువ్వేనా?" అని మాత్రం అడిగింది. మా పాళెం మనిషి కదా, మూడు మూడు మూడు అని వినగానే ఆమెకు తెలిసిపోయింది. నేను ఏడ్చాను. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. పోయి డ్రైవరుకు చెప్పమంది. నావల్ల కాదన్నాను. నువ్వు చెప్పు అవ్వా అని కాళ్ళు పట్టుకున్నాను.

"నేను జెప్పితే అది నా మాటయితాది. నీ మాట నువ్వే జెప్పాల" అంది. కాసేపు ఆలోచించి, "సరే. ఆయనకు ఇప్పుడే జెప్పబాక. ముందు నీకు భయంలేనోళ్ళకు జెబుదువు గాని, రా" అంది.

తన కాళ్ళ దగ్గర పెట్టుకున్న గంపను తెచ్చి హోటలామె ముందు దించింది. అందులో ఉన్నవి ఏరి ఏరి పెట్టిన నెత్తళ్ళు, సంతలో మంచి గిరాకీ ఉన్నవి. వాటిని వేయించమని, గంటలో తినేవాళ్ళను తాను తీసుకొస్తానని చెప్పింది. ఎవరిని తెస్తావు, ఎందుకు తెస్తావు అని హోటలామె అడగలేదు. అవ్వ గొంతులో ఏదో ఉండి ఉంటుంది, మూకుడు పొయ్యిమీద పెట్టింది. బస్సు ఒక గంట ఆపి ఉంచమని కండక్టరును బతిమాలి, అవ్వ నా చెయ్యి పట్టుకుని రోడ్డు వెంట నడిచింది.

మొదట దొరికింది మేకలు కాచే ఒక ముసలాయన. బండమీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. చెప్పమన్నట్టు అవ్వ నన్ను ముందుకు నెట్టింది. నేను కాలి బొటనవేలు చూసుకుంటూ, "హోటల్లో అన్నం మిగిలింది, వచ్చి తినాలంట. పొరపాటున హారన్ ఎక్కువ మోగింది" అన్నాను. అవ్వ నా వీపు మీద గిల్లింది. "దానంతట అదే మోగిందా?" అంది. మళ్ళీ మొదలుపెట్టాను. "నేను కొట్టినా. మూడు కొట్టాల్సింది, నేను ఇంకో ఆరు కొట్టినా. అందుకని అన్నం ఎక్కువైంది. మీరు వచ్చి తినండి." ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "గట్టిగా జెప్పు పాపా, ఇనపళ్ళేదు" అన్నాడు. నా తప్పును నేను కొండంతా వినపడేలా అరిచి చెప్పాల్సి వచ్చింది. ఆయన విని, పళ్ళులేని నోటితో నవ్వి, మేకల్ని అదిలించుకుంటూ హోటలు వైపు బయలుదేరాడు. అంతే. ఆకాశం విరిగి మీద పడలేదు.

ఇంకొంచెం దూరంలో రోడ్డు పనివాళ్ళ గుడిసెలు ఉన్నాయి. వానలకు కోసుకుపోయిన అంచుకు రాళ్ళు పేరుస్తున్నారు. ఆడా మగా కలిసి పాతిక మంది ఉంటారు. వాళ్ళందరి ముందూ నిలబడి చెప్పాను. ఈసారి వేలు చూసుకోలేదు. ఒకామె తట్ట దించి, ఎందుకు కొట్టినావు అని అడిగింది. సముద్రం సంగతి, మంచు సంగతి, జవాబు సంగతి చెప్పాను. సముద్రం చూడని మనుషులు. పని ఆపేసి విన్నారు. మీ నాయన నిజంగానే ఆ డబ్బా మోత విని ఒడ్డుకు వస్తాడా అని ఇంకొకామె అడిగింది. వస్తాడని చెప్పాను. వాళ్ళు వస్తామన్నారు. పనికోసం పీపాల్లో తెచ్చుకున్న నీళ్ళు ఉన్నాయి వాళ్ళ దగ్గర. హోటలుకు నీళ్ళు లేవు, వస్తూ వస్తూ ఒక్కో బిందె పట్టుకురమ్మని అవ్వ అడిగితే అలాగేనన్నారు. ఆ మాట కూడా అవ్వ సగంలో ఆపి నాచేతే చెప్పించింది, నీళ్ళు ఎందుకు అయిపోయాయో సహా.

తిరిగి వస్తుంటే ఎదురుగా ఒక లారీ వచ్చింది. అవ్వ చెయ్యి ఊపి ఆపింది. లోపల ఇద్దరూ తమిళం వాళ్ళు. వాళ్ళకు అర్థమయ్యేలా చేతులతో హారన్ నొక్కి చూపిస్తూ చెప్పాను. అది ఎన్నోసారో నాకు గుర్తులేదు. చెబుతూ చెబుతూ నేనే నవ్వేశాను. వాళ్ళూ నవ్వారు. అప్పుడు నాకు తట్టింది, ఇందాక నోట్లోంచి ఊడిరాని మాట ఇప్పుడు నోటికి అలవాటైపోయిందని. తప్పు చిన్నదేమీ కాలేదు. నేనే దాన్ని మోసే పద్ధతి నేర్చుకున్నాను, బిందెను చంకన సర్దుకున్నట్టు.

హోటలు దగ్గరికి వచ్చేసరికి నెత్తళ్ళ వాసన రోడ్డు దాకా వచ్చింది. సద్దిమూటలు తిన్న ప్రయాణికులు కొందరు అప్పుడే పాక చుట్టూ తిరుగుతున్నారు. డ్రైవరు మాత్రం ఆ కల్వర్టు మీదనుంచి కదలలేదు. అవ్వ నా చెయ్యి వదిలేసింది.

"ఇంక ఆయనొక్కడే. అంతమందికి జెప్పినదానివి" అంది.

నేను ఒక్కదాన్నే వెళ్ళాను. భయం లేదని అనను. కానీ కాళ్ళు నడిచాయి. ఆయన ముందుకు పోయి నిలబడి, మొహం చూసి చెప్పాను. హారన్ నేనే కొట్టినా, మూడూ మూడూ ఆరు, మీరు వాగులో ఉన్నప్పుడు. మీరు అబద్ధం చెప్పలేదు, నేనే చెప్పకుండా ఉన్నా అని.

ఆయన మీసాల కింద ఏముందో నాకు తెలియలేదు. ఎందుకు కొట్టావని అడిగాడు. చెప్పాను. జవాబు చెప్పకపోతే ఏమవుతుందని అడిగాడు. దారి తప్పుతారు అన్నాను. ఆయన లేచాడు. చెప్పులు విప్పి పాకలోకి వెళ్ళి, ఒక విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"అక్కా, అన్నం పెట్టు" అన్నాడు.

హోటలామె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన ఏమీ చెప్పలేదు. నన్ను చూపించనూ లేదు. చెప్పాల్సింది నేనేనని నాకు అర్థమైంది. ఆమెకూ చెప్పాను. ఆమె విని, చెట్టుకు వేలాడే పట్టా వైపు చూసి, నవ్వాలా ఏడవాలా తెలియనట్టు, "నేను కొట్టేకొద్దీ నువ్వు కొట్టినావు, నువ్వు కొట్టేకొద్దీ నేను కొట్టినా. ఎవురో ఒకరం ఆపుంటే సరిపోయుండేది" అంది. తప్పులో సగం తన నెత్తిన వేసుకుంది. తరువాత వంగి డ్రైవరు విస్తట్లో పెద్ద గరిటెడు అన్నం పెట్టి, "రేపు కొట్టు తమ్ముడా. పొయ్యి ముట్టిస్తా" అంది. ఆయన పప్పు కలుపుకుంటూ సరేనన్నాడు. నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఆకలి కూడా వేసింది.

రోడ్డు పనివాళ్ళు బిందెలతో వచ్చారు. గాబు నిండింది, గాబు పక్కన కాగు కూడా నిండింది. అందరూ కూర్చున్నారు. వేడి అన్నం, పప్పు, ఉలవచారు, మా నెత్తళ్ళు. రెండో పంక్తిలో మేకల తాత పళ్ళు లేకుండా నెత్తళ్ళు ఎలా తిన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు. హోటల్లో నా మొదటి భోజనం అది. నన్ను చూసి "హారన్ పాప" అని నవ్వుతూ పక్కకు జరిగి చోటిచ్చారు. బస్సు బాగా ఆలస్యంగా బయలుదేరింది. అందరూ మెచ్చుకున్నారని అనుకోవద్దు. రాజంపేటలో పని ఉన్న ఒకాయన దిగేదాకా నన్ను తిడుతూనే ఉన్నాడు. ఆయన తిట్టింది న్యాయమే. అవ్వ ఆ రోజు సంతకు ఒక గంప తక్కువతో వెళ్ళింది. ఆ సంగతి బతికున్నన్నాళ్ళూ ఎత్తలేదు.

తిరుగు ప్రయాణం రైల్లో చుట్టు తిరిగి వచ్చాం. మళ్ళీ నేను ఆ కొండ ఎక్కలేదు. ఇప్పుడు కార్లు ఆ ఘాటును పాట ఒకటి అయ్యేలోగా దాటేస్తున్నాయంటారు. హోటలు ఉందో లేదో తెలియదు.

నేనిప్పుడు కావలిలో ఉంటున్నాను. పోయిన ఏడాది జరిగిన ఒక సంగతి చెప్పి ముగిస్తాను. పక్కింటి పెద్దాయన మాత్రలు, నా మాత్రలు కలిపి నేనే మందుల షాపునుంచి తెచ్చాను. కళ్ళజోడు లేకుండా పంచి, నా చక్కెర జబ్బు మాత్రల కవరు ఆయనకు ఇచ్చాను. మర్నాడు ఆయన కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో చేర్చారు. మాత్రలు వేసేది కోడలు. చూసుకోకుండా వేసిందని ఇంటిల్లిపాదీ ఆ అమ్మాయి మీద పడ్డారు. సాయంత్రం నా డబ్బా తెరిచి చూసుకుంటే అందులో ఆయన కవరు ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. ఎవరికీ తెలిసే వీలు కూడా లేదు. అరవై దాటిన మనిషిని, మంచం మీద అలాగే కూర్చుండిపోయాను.

అప్పుడు ఆటో పిలిచాను. ఎక్కగానే ఆటో అబ్బాయికి చెప్పాను, మాత్రలు మార్చి ఇచ్చింది నేనే అని. అతను అద్దంలో నన్ను చూసి, జాగ్రత్త పెద్దమ్మా అన్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర పండ్లు అమ్మే ఆమెకు చెప్పాను. మెట్ల మీద నాకు దారి చూపించిన ఆయాకు చెప్పాను. ఒక్కొక్కరికి చెబుతుంటే ఆ మాట నోటికి సర్దుకుంది. గదిలోకి వెళ్ళేసరికి అందరూ ఉన్నారు. కోడలు ఒక మూల కుర్చీలో తల వంచుకుని కూర్చుని ఉంది. నేను ఆమె ఎదురుగా నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాను.

పెద్దాయన రెండు రోజుల్లో తేరుకున్నాడు. ఆయన కొడుకు నన్ను అనాల్సినవన్నీ అన్నాడు, ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. ఆ అమ్మాయి మాత్రం అప్పుడు కళ్ళు తుడుచుకుని లేచి, తను కూర్చున్న కుర్చీని నావైపు జరిపింది.